రాజలింగం సారు అడిగిన ప్రశ్న

రాసుకో సంధ్యారాణీ, ముందు జరిగింది వెనక, వెనకది ముందు చెప్తానేమో. జరిగింది మాత్రం ఇదే.

గుజరాత్‌కు పనికొచ్చిన మన తెలుగువాళ్లుండే బమ్రోలిలో, చాయ్ బండి దగ్గర రాజలింగం నోరు తెరిస్తే, వినేవాళ్ల చాయ్ చల్లారాల్సిందే. పగలు మరమగ్గాలు నడుపుతాడు, సాయంత్రం మనవాళ్ల పిల్లలకు చదువు చెప్తాడు. ఆ పిల్లల్లో సింధూజ అసలు నోరు విప్పదని అతనే అన్నాడు. అందుకే ఆ పిల్ల చదువు మాన్పించి, చీరలకు రాళ్లంటించే పనిలో కూర్చోబెట్టాలనుకుంది తల్లి నర్సవ్వ. మనసొప్పక, అతనితో మరోసారి మాట్లాడదామని బండి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ప్రశ్న అడుగుడంటే ఆషామాషీ కాదు ఆగయ్యన్నా," అంటున్నాడు రాజలింగం. "పేరు వెట్టి అడిగితే ఆ ఒక్కడే బెదురుతడు, మిగిలినోళ్లు నిద్రవోతరు. నేను ముందుగాల ప్రశ్న ఇడుస్త. ఇడిసి ఆగుత. అందరి బుర్రలల్ల తిరుగుతది. మొన్న గట్లనే అడిగితే, ఎన్నడు పలుకనోడు లేసి జవాబు చెప్పిండు."

"మంచిదే గద," అన్నాడు పక్కన చాయ్ తాగుతున్న ఆగయ్య.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కిటికీల కెళ్లి ఇన్న గుజరాతీ పోరగాండ్లు తెలుగుల జవాబు చెప్పిండ్రు! ఇంకోనాడు నా ప్రశ్న గల్లీ దాటి మగ్గాల షెడ్డుల వడ్డది. పనిచేసే కారీగర్లు ఆలోచనల వడ్డరు, మగ్గాలన్ని ఆగినయ్! సేఠ్ ఉరికొచ్చి, 'మాస్టర్‌జీ, జవాబు చెప్పేయ్, మాల్ ఆగిపోయింది' అని దండం వెట్టిండు. చెప్తనా? ఆఖరికి తాపీ నది సుత నిలవడి ఆలోచన చేసింది!"

"గందుకేనా ఆనాడు నల్లాల నీళ్లు రాలే?" అన్నాడు చాయ్ పోసే గోపాల్.

అందరూ నవ్వారు. నర్సవ్వకు నవ్వు రాలేదు.

"అన్నా, మా సింధూజను అడిగినవా?"

"శానసార్లు అడిగిన చెల్లే. ఎంతసేపు ఆగినా మాట రాదు."

"నిన్న నేను తలుపు కాడనే ఉన్న. పగలు సుక్కలు ఎందుకు కనవడవని అడిగినవ్. సూర్యుని ఎలుగు ఎక్కువుంటదన్నది. మెల్లగన్నది, గని అన్నది. మల్ల అడిగినవ్, మల్ల అన్నది. అప్పుడు నువ్వు, దీనికి నోరే లేదన్నవ్."

రాజలింగం గ్లాసు కింద పెట్టాడు.

"మగ్గాల మోతల మా ఆయన చెవులు గిట్లనే వోయినయ్ అన్నా," అంది నర్సవ్వ, అతనికి వినపడేలా గట్టిగా.

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న వాళ్లందరూ మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లే.

రాజలింగం నర్సవ్వ దగ్గరికి జరిగి అన్నాడు: "పిల్లను పనిల వెట్టకు. రేపటి సంది నా పక్కకే కూసోవెట్టుకుంట."

సంధ్యారాణీ, ఈ పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమ్మా. ఆ పిల్ల పేరు మాత్రం ఆ పిల్లనే అడుగు, దగ్గరికెళ్లి విను.