కృపారాణి పేరు యాడుండాది?

ఈ కాగితాలు నువ్వే పెట్టుకో నాయనా. మూడు మాట్లు చదివినా. ముందు నుంచి వెనక్కి చదివినా, వెనక నుంచి ముందుకీ చదివినా. కృపారాణి పేరు యాడా లేదు.

టీ తెప్పిస్తానని లేవొద్దు, కూర్చో. టీ కోసరం వచ్చినానా నేను? బాలాజీ కాలనీ నుంచి ఈ ఎండలో నడిచి వచ్చినా. అచ్చుకు పోకముందే తప్పులుంటే చెప్పండని పాతోళ్ళకంతా నకలు పంపించింది నువ్వే గదా చక్రధరా. యూనివర్సిటీకి యాభై ఏండ్లు నిండినాయని వేసే పుస్తకం. దానికి నువ్వు సంపాదకుడివి. పిల్లోళ్ళకి చరిత్ర పాఠం చెప్పేటోడివి. తప్పుండాది. చెప్తా, విను.

మొదటి పేజీలో ఏం రాసినావు? కొండ అడుగున, ముండ్ల పొదల నడుమ, ఒక జ్ఞానదీపం వెలిగిందని. తనంతకు తానే వెలిగిందా అది? లైబ్రరీ గోడలకి రాళ్ళు మోసిన ఆడోళ్ళలో నేనొకదాన్ని. పద్నాలుగేండ్లు నాకప్పుడు. భయపడొద్దులే, నా పేరు వెయ్యమని రాలేదు.

కట్టినాక అదే లైబ్రరీలో ఊడ్చేదానికి పెట్టుకున్నారు. పుస్తకాల వీపులు తుడిచి తుడిచి, ఆ అక్షరాలు చూసి చూసి, నాకు నేనే చదవడం పట్టుకున్నా. ఎవురూ పలక కొనియ్యలే. మెల్లగా పుస్తకాలు తీసుకునే కౌంటరు కాడ కూర్చోబెట్టినారు. నలభై ఏండ్లు పైన. నువ్వు కూడా ఆడ మూలబల్ల మీద తల పెట్టి కునుకు తీసినోడివే గదా, సంపాదకుడా.

ఇంక నీ ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’. ఇరవై నాలుగు పేజీలు. ఒక్కొక్కరికీ ఒక ఫోటో, ఒక కోటు. నాకు వీళ్ళు కోటు లేకుండా తెలుసప్పా. ఈ జడ్జి ఉండాడే, పుస్తకంలో కావలసిన పేజీ బ్లేడుతో కోసుకుని పోయేటోడు. శ్రీహరికోటలో రాకెట్లు పంపిస్తాడని రాసినావే, ఆ పిల్లోడు మంచోడు, ఒప్పుకుంటా. చెప్పుల చప్పుడు కూడా చేసేవాడు కాదు. ఈ మంత్రిగారు లైబ్రరీలోకి ఒకే ఒక్క దినం వచ్చినాడు, స్ట్రైకు చేసి తలుపులు మూయించేదానికి.

నవ్వొద్దు. నవ్వే పని కాదు.

పదకొండో పేజీ తియ్యి. ఆదిమూలం. ఢిల్లీలో పెద్ద శాస్త్రవేత్త, కెమిస్ట్రీలో బంగారు పతకం, మన పండగకి ముఖ్య అతిథి. పేజీ అంతా ఆయన మొగమే. ఆ పేజీ ఎదురుగా ఇంకొక పేరుండల్ల. ఆయప్ప కంటే మెరుగ్గా చదివిన బిడ్డ. పూతలపట్టు కాడ పల్లె, వాళ్ళ నాయన చర్చిలో గంట కొట్టేవాడు. రోజూ చిత్తూరు బస్సెక్కి వచ్చి, రోజూ పొయ్యేది. నన్ను ‘అక్కా’ అనేది. మిగిలినోళ్ళకి నేను ‘ఏమే’.

రిజిస్టరు చూసినావా? చూస్తావని తెలుసు. డిగ్రీ తీసుకున్నోళ్ళ పుస్తకంలో లేదంటావు. ఉండదు నాయనా. డిగ్రీ తీసుకోలే. పరీక్ష పాసయ్యింది, మార్కులుండాయి, కావాలంటే పాత గెజిట్లు తీయించు. డిగ్రీ తీసుకోలే అంతే.

ఎందుకా? ఆగు. వరసగా చెప్పల్ల. లేకపోతే తప్పిపోతా. నాకీ మధ్య మతిమరుపు పెరిగింది. మొన్న మా వీధి మొదట్లో నిలబడి ఇంటికి ఏ పక్కకి పోవల్లో తెలీక పోలేరమ్మ అంగట్లో అడిగినా. ఆయమ్మ ఎగతాళనుకునింది. కోడల్ని పిలవబోయి, పేరు గుర్తు రాక ఒక్కోసారి నోరు తెరిచి మూస్తా. ఈ బిడ్డ పేరు మటుకు పోలే ఇంకా. అది పోతే ఇంక ఎవురి దగ్గరుండాది? అందుకే పరిగెత్తుకొని వచ్చినా.

పరీక్షల ముందు పిల్లోళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. చేసుంటావు కూడా. ఒకే ఒక్క పుస్తకం ఉంటాది, కావలసినోళ్ళు ముప్పై మంది. తెలివిగలోడు దాన్ని ఇంటికి తీసుకుపోడు, పేరు పడతాది గదా. లైబ్రరీలోనే, ఎవురూ తొంగి చూడని అరలో వెనక పక్క దాచిపెడతాడు. రోజూ వచ్చి తీసి చదువుకుని మళ్ళా దాస్తాడు. చట్టం పుస్తకాలు వంటల పుస్తకాల వెనక దొరికేవి. నేను తుడిచేటప్పుడు తీసి సర్దేదాన్ని. నాకది ఆట మాదిరి ఉండేది.

డెబ్బై ఒకటిలో, మార్చి నెల. కృపారాణి లావాటి కెమిస్ట్రీ పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బస్సుకు టైమయ్యింది అక్కా అనింది. పుస్తకం తిరిగి తీసుకుంటే మేము ఆ మనిషి కార్డులోంచి చీటీ తీసెయ్యల్ల, అప్పుడే ఇచ్చినట్టు లెక్క. నువ్వు పోమ్మా, చీటీ నేను తీస్తా అని చెప్పినా. ఆ బిడ్డ పరిగెత్తింది. లోపల నుంచి వరదయ్య సారు, మా లైబ్రేరియను, పిలిచినాడు. పోయినా. తిరిగొచ్చేతలికి బల్ల మీద పుస్తకం లేదు. ఎవురో అరలో పెట్టినారులే అనుకున్నా. చీటీ సంగతి మరిచిపోయినా.

ఇప్పుడు మరిచిపోతే వయసంటారు. అప్పుడు నాకు ముప్పై కూడా లేవు.

జూన్‌లో ఆయమ్మ నో డ్యూస్ కోసరం వచ్చింది. లైబ్రరీ ముద్ర పడితేనే సర్టిఫికెట్లు. చిత్తూరు కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చుండాది, వారంలో కాగితాలు చూపించల్ల. కార్డులో చీటీ ఉండాది. పుస్తకం అరలో లేదు. ఇచ్చినాను సార్, అక్కనే అడగండి అని నా పక్కకి చూసింది. వరదయ్య సారు అడిగినాడు. దేవకమ్మా, ఇచ్చిందా?

ఆ నెల్లోనే నన్ను పర్మినెంటు చేసే కాగితం రావల్ల నాయనా. మొగుడు లేడు, ఇద్దరు పిల్లోళ్ళు. తెలీదు సార్ అనినా సరిపోయేది.

ఇయ్యలేదు సార్ అన్నా.

కళ్ళు తుడుచుకునే దానికి రాలేదు నేను, ఆ గుడ్డ జేబులో పెట్టుకో.

పుస్తకం ఖరీదు కట్టేస్తే ముద్ర వేస్తానన్నాడు సారు. పెద్ద దుడ్డు గూడా కాదు, వాళ్ళ నాయన తెస్తానన్నాడంట. ఆ బిడ్డ ఒప్పుకోలే. ఇచ్చిన పుస్తకానికి దుడ్డు కడితే దొంగనని నేనే సంతకం పెట్టినట్టు గదా సార్ అనింది. నా పక్కకి మళ్ళా చూడలే. కార్డు బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయింది. ఉద్యోగం ఆదిమూలానికి పోయింది. ఆడ రెండేండ్లు చేసి ఢిల్లీకి ఎగిరినాడు.

ఆగస్టులో దొరికింది పుస్తకం. పట్టుపురుగుల పెంపకం పుస్తకాల వెనక. లోపల నోట్సు కాగితం, ఆదిమూలం రోల్ నంబరు, ఆదిమూలం రాత. నా బల్ల మీది నుంచే ఎత్తుకుని పోయి దాచినాడు.

నేనేం చేసినా? కాగితం చించినా. పుస్తకం తుడిచి, దాని చోట్లో పెట్టినా. అంతే. ఏటా లెక్క చూసేటోళ్ళు అరలో పుస్తకం ఉంటే టిక్కు పెట్టుకుని పోతారు. మూలన పడిన కార్డులో చీటీ ఎవురు చూస్తారు?

పూతలపట్టు సెంటర్‌లో చిన్న బడి ఉండాది, ఆడ అఆలు చెప్తాది ఇప్పటికీ. చిత్తూరుకు పోయినప్పుడంతా బస్సు ఆ బడి ముందరే ఆగుతాది. కిటికీలోంచి చూస్తా. ముప్పై మూడేండ్లలో ఒక్కసారి దిగలే.

ఆయప్ప ముఖ్య అతిథి గదమ్మా, ఇప్పుడెందుకు, అంటావు. అది చెప్పేదానికి నీకు నోరెట్ల వచ్చింది? ఆయన ఫోటో తియ్యమన్నానా? పుస్తకం దాచినాడు, అందరూ దాస్తారు. ఆయమ్మ పేరు దాచింది నేను. ఇప్పుడు తెలిసి కూడా నువ్వు దాస్తే నువ్వూ నా మాదిరి మనిషివే.

సాక్ష్యం కావల్లనా? అట్ల అడుగు, అది మర్యాద. ఆ కాగితం ఇట్లియ్యి. నువ్వు రాయొద్దు, నీ భాషలో దీపాలు వెలిగిస్తావు. నేనే రాస్తా. ‘కృపారాణి పుస్తకం ఇచ్చింది. నేను తీసుకున్నా.’ ఇంతే. కింద దేవకమ్మ, లైబ్రరీ అటెండరు.

ఆయమ్మకి ఒక మాట చెప్పి రమ్మంటావా? ఏమని చెప్పేది? ఆ పనీ ఈ కాగితమే చేస్తాది, ఒక నకలు బడికి పంపించు. చదివినాక తిట్టుకుంటాదో, చించుకుంటాదో, ఆయమ్మ ఇష్టం.

తేదీనా? ఈ పొద్దుదే వేస్తా. ఎన్నేండ్లు ఆలస్యమో చదివేటోళ్ళు లెక్కేసుకోనీ.