మార్ల్‌బీ చర్చి మొన

క్లెమ్ లార్టర్ కోతలు మొదలెట్టాడంటే ఎదుటోడి బీరు మీద నురగ ఆరిపోయేదాకా ఆపడు. ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో, పబ్ మూల బల్ల దగ్గర పాత బిళ్లలు పోగేసేవాళ్లంతా చేరారు. రెండొందల ఏళ్ల కింద చిల్లర దొరక్క షాపులోళ్లు సొంతంగా కొట్టించుకున్న రాగిబిళ్లలవి. క్లెమ్ చర్చి బొమ్మ ఉన్నవే ఏరతాడు. సెట్టుకి ఒక్కటే తక్కువ, అదేమో ముసలామె హెట్టీ ముందు గుడ్డ మీద ఉంది. తన చేతిలో ఉన్న బిళ్లిచ్చి మార్చుకుందామంటే, "నీదాంట్లో గొప్పేంటో చెప్పు, చూద్దాం" అంది.

అంతే, ఎత్తుకున్నాడు.

"హెట్టీ ఆంటీ, ఇది కొన్నది కాదు, తవ్వింది. ఈ సూదిలాంటి మొన చూశారా, మార్ల్‌బీ చర్చిది. ఇలాంటిదే అరిగిపోయినదొకటి నా దగ్గర ఉండేది. దాన్ని కంటి ముందు పెట్టుకుని పొలంలో వెనక్కి నడిచా, బిళ్ల మీది మొనా అసలు మొనా ఒకదాని మీదొకటి కూర్చునేదాకా. సరిగ్గా అక్కడ తవ్వా. జానెడు లోతులో ఇది!"

"జానెడేగా," అన్నాడు పబ్బు నడిపే డెరిక్, గ్లాసు తుడుస్తూ.

"ఆగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి పెడితే ఇంకోటి, ఇంకోటి, బక్కెట్ నిండింది, తోపుడుబండి నిండింది, ఇంకా తవ్వితే కింద షాపే ఉంది, షాపు! తలుపు కొట్టా. విగ్గు పెట్టుకున్న పెద్దాయన తీసి టీ ఇచ్చాడు, వేడివేడిగా, పాలు కాస్త ఎక్కువయ్యాయనుకో..."

"రెండొందల ఏళ్ల పాలా?" అన్నాడు డెరిక్.

"విరగలేదు మరి! పైకొస్తే పొలమంతా పొగమంచు, దారి కనపడదు. అప్పుడు చూశా నా కళ్లతో, ఆ చర్చి మొన వేలు వంచినట్టు ఇలా వంగి మా ఇంటి వైపు చూపించింది!"

హెట్టీ తన బిళ్లని గుడ్డతో సహా కొంచెం ముందుకి జరిపింది. క్లెమ్ చెయ్యి అప్పటికే సగం బల్ల దాటేసింది.

"మార్ల్‌బీయేనా?" అందామె.

"మార్ల్‌బీయే!"

"పెళ్లయ్యేదాకా ఆ చర్చి గంటలు లాగింది నేనే నాయనా. దానికి మొన లేదు. ఎప్పుడూ లేదు. నలుచదరం గోపురం, పైన ఈ బల్లలా చదును. బర్మింగ్‌హామ్‌లో బిళ్ల చెక్కినోడు ఊరి మొహం చూడకుండా తోచిన మొనొకటి పెట్టేశాడు."

క్లెమ్ చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. ఆమె బిళ్లని గుడ్డలో చుట్టి సంచిలో పడేసుకుంది.

"ఇంతకీ వంగిందేంటి, క్లెమ్?"