ఉపగ్రహం నోరు కుట్టిన మాస్టారు

మాస్టారు గొంతు సవరించుకున్నాడంటే ఆ వీధిలో ఇస్త్రీ పెట్టె చల్లారిపోవాల్సిందే. గ్లాసుల్లో టీ మీగడ కట్టేస్తుంది. కురవబోయే వాన కూడా రేకుల మీద ఓ క్షణం ఆగి, ఆయన చెప్పేదంతా విని, ఆ తర్వాతే కురుస్తుంది. వృత్తికి దర్జీ. కత్తెర పట్టుకుని కోస్తే ఒక జత బట్టలు, నోరు తెరిచి కోస్తే ఊరందరికీ సరిపోయేన్ని.

ఆ సాయంత్రం ఆయన కొట్టు మెట్ల మీద సభ కూడింది. పెద్ద సభేం కాదు. ఇస్త్రీ బాబాయి, దారాలూ బొత్తాలూ అమ్ముకునే బావమరిది, వీధి మూల కుట్టుపని చేసుకునే మూలకొట్టు అక్క. గుమ్మంలో పీట వేసుకుని మాస్టారి భార్య ఎవరివో ప్యాంటు అంచులు మడిచి కుడుతోంది. తలెత్తడం లేదు. ఆమె వెనక, కొట్టు లోపల, పాత దుప్పటి కప్పుకుని కంప్యూటర్ కుట్టు మెషిన్ ముసుగుతన్ని పడుకున్నట్టుంది.

ఆ వీధిలో అలాంటి మెషిన్ లేని కుట్టుకొట్టు లేదు. తెర మీద పువ్వు చూపిస్తే చాలు, గుడ్డ మీద పువ్వు కుట్టి చేతిలో పెడుతుంది, వాసన ఒక్కటే తక్కువ. అప్పో సప్పో చేసి అందరూ మొత్తం సొమ్ము కట్టి కొనుక్కున్నారు. కొనుక్కున్నాం కదా, మనదే అనుకున్నారు. ఒకరోజు పొద్దున్నే అన్ని కొట్లలోనూ ఆ తెరలు ఒకేసారి వెలిగి తేనెలో ముంచిన గొంతుతో పలికాయి: "ప్రియ నేస్తమా! మీ సృజనకు కొత్త రెక్కలు తొడుగుతున్నాం. ఇకపై మీ మెషిన్‌తో మీ అనుబంధాన్ని నెలనెలా కొత్తగా ప్రారంభించుకోండి!" వీధంతా సంబరపడింది. ఏదో బహుమతి కాబోలు అనుకుని ఇస్త్రీ బాబాయి అందరికీ టీ కూడా చెప్పేశాడు. మధ్యాహ్నానికి గాని తేలలేదు, నెలనెలా అద్దె కట్టకపోతే సూది దిగదని. టీ డబ్బులు ఎవరిస్తారని అప్పుడు మళ్లీ ఓ గొడవ.

మాస్టారే ముందు లేచాడు. "ఒక్కరు కూడా కట్టడానికి వీల్లేదు! మెషిన్లకి దుప్పట్లు కప్పేయండి. మనం కట్టకపోతే వాళ్లే దిగొస్తారు. మాట్లాడేది నాకు వదిలేయండి" అన్నాడు. మాట్లాడే పని ఆయనకు వదలక ఇంకెవరికి వదుల్తారు? కప్పేశారు. ఆ రోజు నుంచి వీధిలో ఏ మెషిన్ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం అలవాటు లేక పిల్లులకు నిద్ర పట్టడం మానేసింది.

"అసలేం జరిగిందంటే," అని మొదలుపెట్టాడు మాస్టారు, టీ గ్లాసు పక్కన పెట్టి. "ఫోన్ చేశానా, చాలా మర్యాదగానే చేశాను. 'అయ్యా, మెషిన్ మాది, కరెంటు మాది, దారం మా బావమరిదిది, నడుం నొప్పి మాది, మధ్యలో మీకు అద్దేంటయ్యా' అని అడుగుదామని. అడగనిస్తేగా! 'మీ కాల్ మాకెంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి' అని పాట పెట్టేశారు. పెట్టుకోండ్రా, ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం అని నేనూ కాలు మీద కాలేసుక్కూర్చున్నా. పాట అయిపోయింది, మళ్లీ మొదలైంది, మళ్లీ అయిపోయింది, నేను కదిలితేగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాటకే గొంతు పోయింది!"

"మెషిన్లో పెట్టిన పాటకి గొంతు పోవడమేంటి మాస్టారూ?" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"పోయింది బాబాయ్! చివర్లో రెండు సార్లు దగ్గింది కూడా. 'సార్, కాసిని మంచినీళ్లు తాగొస్తా' అని వెళ్లిపోయింది పాడేది."

బావమరిది నవ్వాడు. మూలకొట్టు అక్క కూడా నవ్వింది. భార్య సూది మాత్రం గుడ్డలో కాకుండా వేలిలో దిగింది.

ఆ ఫోన్ మాట్లాడినప్పుడు ఆమె పక్కనే ఉంది. పాటా లేదు, దగ్గూ లేదు. మోగీ మోగకముందే ఓ అమ్మాయి ఎత్తింది. "సార్, మీలాంటి గొప్ప కళాకారులు మాతో ఉండటం మా అదృష్టం సార్" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని కళాకారుడన్నవాళ్లు లేరు. చేతులు పొడుగయ్యాయనీ, మెడ బిగిసిందనీ అన్నవాళ్లే అందరూ. ఆ ఒక్క మాటకి మనిషి కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు, ఫోన్లో కనపడతాడన్నట్టు. ఆ తర్వాత అంత నోరున్న మనిషి నోట్లోంచి వచ్చినవి మూడే మాటలు: "అవునండీ, సరేనండీ, థాంక్సండీ." ఆ అమ్మాయి ఏం నొక్కమంటే అది నొక్కాడు. ఫోన్ పెట్టేసేసరికి ఏడాది అద్దె కట్టేసి, 'విశిష్ట భాగస్వామి' అనే బిరుదు పుచ్చుకుని, సేవ ఎలా ఉందని అడిగితే అయిదు నక్షత్రాలు కూడా ఇచ్చి కూర్చున్నాడు.

"వీధికి నేనే మెల్లగా చెప్తాలే" అన్నాడు ఆ రోజు. చెప్పలేదు. ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నం కాగానే షట్టర్ సగం దించడం, రేడియో పూర్తిగా పెంచడం, ఆ హోరు చాటున ఆమె దుప్పటి తీసి మెషిన్ నడపడం. ఆ పాటలకి ఎదురు మేడ గోడ బీటలిచ్చింది. "ఏమే చెల్లీ, ఈ మధ్య మీ ఆయనకి పాటల పిచ్చి పట్టిందేంటే" అని మూలకొట్టు అక్క సగం షట్టర్ కిందనుంచి వంగి నవ్వితే, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ దవడల్లో నొప్పిగానే ఉంది.

"పాట పోయాక మేనేజరొచ్చాడు," అంటున్నాడు మాస్టారు. "వాడి వల్ల కాక వాడి పైవాడొచ్చాడు, వాడి పైవాడి పైవాడొచ్చాడు. ఒక్కొక్కడూ నాతో మాట్లాడి పక్కకెళ్లి ఏడుస్తున్నాడు, వినపడుతోంది నాకు. చివరికి కంపెనీ యజమానే లైన్లోకొచ్చాడు. 'ఎవడ్రా నువ్వు' అన్నాడు. నేను గొంతు విన్నాను. నాకు గొంతు వింటే చాలు, మెడ కొలత తెలిసిపోతుంది. 'అయ్యా, ముందు మీ కాలర్ వదులు చేసుకోండి, అరంగుళం తక్కువ కుట్టాడు మీ దర్జీ, ఆ చిరాకంతా మా మీద చూపిస్తున్నారు' అన్నా. అటు నుంచి 'టప్' మని చప్పుడు. గుండీ విప్పుకున్నాడు! 'అబ్బా... ఎన్నేళ్లకి ఊపిరాడింది మాస్టారూ' అన్నాడు."

"నిన్ను మాస్టారూ అన్నాడా?" అన్నాడు బావమరిది.

"అనక? కంపెనీ మొత్తం గుండీలు విప్పేసుకుంది బావా! అన్ని వేలమంది ఒక్కసారి ఊపిరి పీల్చేసరికి అద్దాల మేడ ఇంత ఉబ్బింది. అప్పుడడిగాను, 'ఎందుకయ్యా ఈ అద్దె పెట్టారు' అని. 'ఎంత వేసినా నిండట్లేదు' అన్నాడు. నాకు వెంటనే వెలిగింది. జేబులు! జేబులు మరీ లోతుగా కుట్టించుకున్నారు వాళ్లు. మోకాలు దాకా జేబులు! 'పట్రా సూది' అన్నా. ఫోన్లోనే చెప్పి, వాళ్ల చేతులతోనే, వాళ్ల జేబులన్నీ కుట్టించేశా."

ఇస్త్రీ బాబాయి టీ గొంతుకడ్డం పడి దగ్గాడు. "మరింకనేం, తాళం తీసెయ్యకపోయారా?"

"అక్కడే ఉంది తిరకాసు. తాళం వాళ్ల చేతుల్లో లేదట. పైన ఉపగ్రహం ఉందట, పొద్దున్నే అది నోరు తెరిచి 'మూసుకో' అంటే మన మెషిన్లు మూసుకుంటాయట. 'అది మా మాట కూడా వినట్లేదు మాస్టారూ, మీరే ఏదో ఒకటి చెయ్యాలి' అని కాళ్లు పట్టుకున్నాడు."

"ఫోన్లో?"

"ఫోన్లోనే! ఇక తప్పదని నిన్న డాబా ఎక్కాను. బావ కొట్లో అందరికంటే గట్టి దారం, గోనెసంచులు కుట్టేది, దానికి సూది కట్టి, వేలు తడి చేసి గాలి చూసుకుని విసిరా. వెళ్లింది, వెళ్లింది, మబ్బు ఒకటి అడ్డొస్తే దానికో కుట్టు పడింది, పాపం, ఇంకా అక్కడే వేలాడుతోంది చూడండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉపగ్రహం నోటికి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, గట్టి కుట్టు. చివర ముడేసి పంటితో కొరికేశా. ఇక 'మూసుకో' అంటుందా? మూలుగుతోంది! రేపు తెల్లారేసరికి వీధిలో మెషిన్లన్నీ వాటంతటవే తెరుచుకోకపోతే నా మీసం తీసేస్తా!"

బావమరిది నిజంగానే మబ్బు వంక చూశాడు. ఇస్త్రీ బాబాయి చప్పట్లు కొట్టాడు. మూలకొట్టు అక్క మాత్రం నవ్వు ఆపి, గ్లాసు కింద పెట్టింది.

"తమ్ముడూ, కథలో మబ్బులూ మూలుగులూ నీవి. నాకెందుకూ. ఒక్క ముక్క నిజం చెప్పు. రేపు తెరుచుకుంటాయా?"

"తెరుచుకుంటాయక్కా."

"ఎందుకడుగుతున్నానంటే, బడివాళ్లకి చొక్కాల మీది గుర్తులు రేపటికల్లా ఇవ్వాలి. చేత్తో కుడుతూ వచ్చాను గానీ నా వల్ల కావట్లేదు. ఇప్పుడే ఫోన్ చేశారు, కుదరదంటే పెద్ద బజార్లో ఇచ్చుకుంటామని. ఒకసారి అటు పోయారా, ఇక నా గుమ్మం తొక్కరు. నువ్వు రేపు తెరుచుకుంటాయంటే, రేపిస్తానని చెప్పేస్తాను. నీ మాట మీదే చెప్తున్నా."

అలా అంటూ ఆమె ఫోన్ తీసింది. అప్పుడు చూసింది మాస్టారి భార్య ఆ వేళ్లని. బొటనవేలికీ చూపుడువేలికీ తెల్లటి అతుకు పట్టీలు చుట్టుకుని ఉన్నాయి. పట్టీల మీద నల్లటి చుక్కలు, ఎండిన రక్తం. మెషిన్ గంటలో కుట్టి పారేసే పని. ఆ వేళ్లు అలా అయింది దుప్పటి కప్పమన్న మనిషిని నమ్మి. ఆ దుప్పటి ఇక్కడ ప్రతి మధ్యాహ్నం తీస్తున్నది తను.

మాస్టారు మీసం దువ్వాడు. "చెప్పేయ్ అక్కా. ధైర్యంగా చెప్పేయ్."

భార్య లేచింది. ప్యాంటు ఒళ్లోంచి జారి మెట్ల మీద పడింది, తీయలేదు. కొట్టు లోపలికి వెళ్లి దుప్పటి కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఈసారి రేడియో పెట్టలేదు.

తెర వెలిగింది. వీధి మలుపు దాకా వినపడేలా తేనె గొంతు పలికింది:

"శుభ సాయంత్రం, మా విశిష్ట భాగస్వామి గారూ! ఈ రోజు ఏం సృష్టిద్దాం?"

ఆ తర్వాత సూది మొదలైంది. టకటకటక. ఆ చప్పుడుకి పిల్లులు గోడ దిగొచ్చాయి, ఎదురింటి ముసలాయన బయటికొచ్చి చెవుల్లో దూది తీసుకున్నాడు, మబ్బుకి పడ్డ కుట్టు ఊడిపోయింది. 

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొగుడి వంక చూడలేదు. "అక్కా, నీ గుర్తులు పట్రా. మా మెషిన్ నడుస్తోంది. ఇన్నాళ్లూ నడుస్తూనే ఉంది. నడిపింది నేనే."

"ఒసేయ్, అది..." అన్నాడు మాస్టారు. ఆయన చెయ్యి, తీసేస్తానన్న మీసం మీదికి పోయింది.

"బావా, గోనెసంచి దారం నా కొట్లో ఉండ విప్పకుండా అలాగే ఉంది," అన్నాడు బావమరిది మెల్లగా. "పొద్దున్న కూడా చూశాను." ఆపైన మూలకొట్టు అక్క వంక చూడలేక, మెట్ల మీద పడ్డ ప్యాంటు తీసి మడత పెట్టసాగాడు.

మూలకొట్టు అక్క తీసిన ఫోన్ మళ్లీ లోపల పెట్టేసుకుంది. లేచి వెళ్లిపోయింది. ఇక రాదనుకుంది మాస్టారి భార్య. రాకపోతే బాగుండుననీ అనుకుంది, ఆ ముఖంలోకి చూసే పని తప్పుతుందని. కానీ అక్క వచ్చింది, చంకలో మూటతో. మూట తెచ్చి మాస్టారి ఒళ్లో పెట్టింది.

"ఎక్కడో ఉన్నవాడి గొంతు విని మెడ కొలత చెప్పావు కదరా తమ్ముడూ. పక్కనే నా మెషిన్ చప్పుడు ఆగిపోతే, అది మాత్రం వినపడలేదా నీకు?"

మాస్టారు మూట విప్పాడు. చేత్తో కుట్టిన గుర్తులు పైనే ఉన్నాయి, ఒకటి రెండింటి మీద రక్తపు మరకలతో. ఆయన వాటిని ఒక్కొక్కటే పక్కకి తీసి, కుట్టాల్సిన గుడ్డ భార్యకి అందించాడు. కుట్టినవి అందుకుని కొసల దారాలు కత్తిరించాడు. ఈసారి చేతిలో కత్తెర ఒక్కటే ఆడింది. ఇస్త్రీ బాబాయి ఆ వంచిన తల చూసి, చల్లారిపోయిన ఇస్త్రీ పెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆఖరి గుర్తు కూడా కుట్టడమైంది. సూది ఆగింది. తెర మళ్లీ వెలిగింది.

"విశిష్ట భాగస్వామి గారూ, ఈ రోజు మాతో మీ అనుభవం ఎలా ఉంది? ఏదో ఒకటి నొక్కండి!"

కింద రెండే బొమ్మలున్నాయి. ఒకటి నవ్వుతోంది. రెండోది ఇంకా ఎక్కువ నవ్వుతోంది.

మాస్టారు లేచి వెళ్లి తెర ముందు నిలబడ్డాడు. వేలు ఎత్తాడు. ఆ వేలు అటు పోయింది, ఇటు పోయింది. తన ముఖానికి సరిపోయే బొమ్మ అక్కడెక్కడా లేదు. మూలకొట్టు అక్క మూట కట్టుకుంటూ చూస్తోంది.

భార్య దుప్పటి తీసుకొచ్చి, నవ్వుతున్న ఆ రెండు ముఖాల మీదా కప్పేసింది.