బొమ్మ రాని పేజీ

నిజామాబాద్ పసుపు యార్డుకు నాలుగడుగుల అవతల, రెండో అంతస్తుల చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పసుపు రైతుల సంఘం కొరకు చేసిన వెబ్‌సైటు మొదలై ఎనిమిది దినాలైంది. ఓనర్ సురేందర్, ప్రోగ్రాం రాసే శ్రీవాణి పొద్దటి సంది ఒక్క ముచ్చట మీదనే ఉన్నరు.

"నా లాప్‌టాప్‌ల వస్తున్నయి కద. ఇగో, ఫొటో ఒకటి. ఇగో, ఫొటో రెండు. కండ్లు ఉన్నయా లేవా నీకు?"

"మీ లాప్‌టాప్‌ల వస్తయి సార్. సర్వర్‌ల రావు."

"నా దాంట్ల వచ్చినయంటే ప్రోగ్రాం మంచిగ ఉన్నట్టే. సర్వర్‌కు ఏం రోగమొచ్చింది?"

"రోగం సర్వర్‌ది కాదు సార్."

"మరి ఎవరిది, నాదా?"

"నేను అట్ల అనలే సార్."

"అనవు. మీ బోధన్‌ల అందరు గిట్లనే మాట్లాడ్తరా, సగం మాట నోట్లె పెట్టుకొని?"

"తెగుళ్ల పేజీల రాసింది అంత కనపడుతుంది. ఫొటోల జాగల ఖాళీ డబ్బలు. ఎనిమిది దినాల సంది గట్లనే ఉన్నది."

"ఎనిమిది దినాల సంది? ఎనిమిది దినాల సంది నువ్వేం చేసినవు?"

"మొదటి దినమే చెప్పబోయిన. సంఘం వాళ్లు మీకు శాలువ కప్పుతున్నరు. కస్టమర్ ముంగట నోరు తెరవకు అన్నరు."

"ఆ దినం అన్న. తెల్లారి కూడ అన్ననా?"

"తెల్లారి మెయిల్ పెట్టిన."

"మెయిల్."

"మూడు పెట్టిన సార్."

"నువ్వు పెట్టే మెయిళ్లు చదువుకుంట కూసుంటే నేను ఆఫీసు నడుపుడెట్ల? సరే, చెప్పు పంతులమ్మా. ఎందుకు రావు?"

"మీరు ప్రోగ్రాంను మూడు ముక్కలు, మూడు మాడ్యూళ్లు చెయ్యమన్నరు కద సార్. రేట్లు ఒకటి, తెగుళ్లు ఒకటి, వెబ్ ఒకటి."

"అన్న. హైదరాబాద్‌ల మంచి కంపెనీలు అట్లనే చేస్తయి. నీ లెక్క అన్నీ తెచ్చి ఒక్క గంపల పొయ్యరు."

"ఫొటోలు తెగుళ్ల మాడ్యూల్‌ల ఉన్నయి. పేజీ పంపేది వెబ్ మాడ్యూల్. తెగుళ్ల ఫోల్డర్‌ల ఉన్న ఫైలు వెబ్ చూడాల్నంటే, తెగుళ్ల దాంట్ల ముందుగాల్నే తెరిచి పెట్టాలె. మనం తెరువలే. వెబ్ పోయి ఫొటో అడుగుతది, ప్రోగ్రాంను నడిపే జావా లేదంటది."

"లేదంటదా? అసలు ఫొటోలు పెట్టనే లేదా నువ్వు?"

"ఉన్నయి సార్. సర్వర్‌ల పెట్టిన ప్రోగ్రాం మూట, జార్ ఫైలు, విప్పి చూసిన. ఉన్నయి. ఉన్నా గని లేవంటది."

"ఉండి లేదనేటందుకు అదేమన్న రేషన్ దుకాణమా?"

"మాడ్యూళ్లంటేనే గది సార్. అడుగకుండ ఎవ్వరు లోపలికి చూడొద్దనే కద చేసేది."

"నాకు చెప్తున్నవా మాడ్యూళ్లంటే ఏందో? మరి నా లాప్‌టాప్‌ల ఎట్ల వస్తున్నయి?"

"మీరు ఎడిటర్‌ల బటన్ నొక్కి నడుపుతరు. అక్కడ మూడు కలిసి ఒక్క కుప్పల నడుస్తున్నయి. అడ్డం ఏం లేదు. సర్వర్‌ల నిజంగ మాడ్యూళ్ల లెక్క నడుస్తుంది."

"తెరిచేటందుకు ఎక్స్‌పోర్ట్స్ అని రాసి ఉంది మాడ్యూల్ ఫైల్ల. నేనే రాసిన, నా చేతులతోని."

"ఎక్స్‌పోర్ట్స్ ప్రోగ్రాం క్లాసులకు సార్. ఫొటోల ఫోల్డర్‌కు ఓపెన్స్ అని రాయాలె. ఒక్క లైను."

"ఒక్క లైను."

"ఒక్కటే."

"ఒక్క లైను కొరకు పొద్దటి సంది నాకు క్లాసు పీకుతున్నవు. మరి రాయరాదు?"

"మాడ్యూల్ ఫైలు మీరు తప్ప ఎవ్వరు ముట్టొద్దని తాళం పెట్టుకున్నరు. మీ పాస్‌వర్డ్ కావాలె."

"ఎందుకు పెట్టుకున్న? నీలాంటోళ్లు ముట్టి నాశనం చేస్తరనే పెట్టుకున్న."

"అవును సార్."

"అవును సార్ అంటవు. మొఖంల మాత్రం వేరే ఏదో ఉంటది."

"ఇదేనా కంప్యూటర్ల ఆఫీసు? మెట్లెక్కే వరకు పానం పోయింది."

"ఎవరమ్మా? ఫోన్ రిపేరు కింద షట్టర్‌ల. ఇక్కడ కాదు."

"రిపేరుకు రాలే సారూ. కమ్మర్‌పల్లి నుంచి ఒచ్చిన. అంజవ్వ అంటరు నన్ను. పసుపు ఏస్త."

"పసుపైతే యార్డుకు పోవాలె. ఇక్కడికెందుకు వచ్చినవు?"

"యార్డు తొవ్వ నాకు ఎరుకే. నువ్వు పుట్టకముందు సంది పోతున్న. ఇగో, ఫోన్‌ల గీ పేజీ మీదేనా?"

"మాదే."

"గిండ్ల బొమ్మేది?"

"అవ్వా, కూసో. ఈ కుర్చీల కూసో. నీళ్లు తాగుతవా?"

"తాగుత గని బిడ్డా, ముందు గాయన్ను సెప్పనియ్. బొమ్మేది సారూ?"

"మీ ఫోన్ పాతదమ్మా. మీ ఊర్లల్ల సిగ్నల్ కూడ సరిగ ఉండదు. ఫొటో బరువు ఉంటది, దిగదు."

"నా ఫోన్ పాతదే. మా అల్లుడు దుబాయి నుంచి తెచ్చిన ఫోన్‌ల సూసినం. మా సంఘం అధ్యక్షుని ఫోన్‌ల సూసినం. ఆర్మూర్ బస్టాండ్‌ల నిలవడి సూసిన, ఈడ మీ మెట్ల మీద నిలవడి సూసిన. యాడ సూసినా గదే ఖాళీ డబ్బ. సిగ్నల్ మీ మెట్ల మీద కూడ లేదా?"

"పేజీ కింద హెల్ప్‌లైన్ నంబరుంటది. దానికి చెయ్యాలె. ఊకనే ఆఫీసుల మీద పడుడు కాదు."

"ఏడుసార్లు సేసిన. ఎవ్వలు ఎత్తలే. ఎవలది గా నంబరు?"

"సార్, ఆ నంబర్ మీదే."

"నిన్నడిగిండ్రా? అమ్మా, అసలు ఏమైందో చెప్పు. నాకు పనుంది. నీకు చదువొస్తదా?"

"ఒస్తది. ఏడో తరగతి దాంక సదివిన. సదివే మందు కొట్టిన. సదువు రానోళ్ల సేన్లు మంచిగనే ఉన్నయి."

"ఏ మందు కొట్టినవ్ అవ్వా?"

"రెండోది. ఇగో, కవర్‌ల ఆకు తెచ్చిన, సూడు బిడ్డా. ముట్టుకో, ఏం గాదు. పొడి పొడి అయితుంది."

"మొత్తం మాడింది సార్. చూడుండ్రి."

"నాకెందుకు చూపిస్తవు? నేనేమన్న వ్యవసాయ అధికారినా? రెండోది ఎందుకు కొట్టినవమ్మా? మేం రెండోది కొట్టుమన్నమా?"

"మీరు ఏం రాసిండ్రో సదువుత, ఇను. 'మచ్చలు మొదటి ఫొటోలో ఉన్నట్లుంటే మొదటి మందు వాడండి. రెండో ఫొటోలో ఉన్నట్లుంటే రెండో మందు వాడండి.' అయిపాయె. మొదటి ఫొటో లేదు, రెండో ఫొటో లేదు. తెగులు ముదిరింది గద, మొదటిది సరిపోదేమో అని రెండోది కొట్టిన. సగం సేను అయ్యే వరకు మందు ఒడిసింది. మూడోనాటికి కొట్టిన సగం ఎండింది."

"ఫొటో లేనప్పుడు ఆగాలె కద. గింత తెలివి లేకపాయె?"

"ఏ దినం దాంక ఆగాలె సారూ? గది కూడ రాయకపోతిరి."

"కింద రాసి ఉంది. ఇవి సూచనలు మాత్రమే, నష్టానికి మేము బాధ్యులము కాము. చూసుకున్నవా?"

"సూసిన. బొమ్మ కనవడలే గని, గది మాత్రం మంచిగ కనవడ్డది."

"సార్, పాస్‌వర్డ్ కొట్టుండ్రి. ఇప్పుడే పెట్టేద్దాం."

"నువ్వు జరుగు. నేనే రాస్త. ఒక్క లైను రాసి రేపు ఊరంత చెప్పుకుంటవు. ఫోల్డర్ పేరేంది?"

"ఫొటోస్."

"ఓపెన్స్... ఫొటోస్. అయిపోయింది. దీనికి ఎనిమిది దినాలు."

"చివరికి సెమికోలన్ సార్."

"తెలుసు."

"పెట్టలే సార్."

"తెలుసన్న కద. పెడుతున్న. ఇగో, పెట్టిన. సర్వర్‌కు పంపు."

"పంపుతున్న. రెండు నిమిషాలు అవ్వా."

"కానియ్ బిడ్డా. గిన్ని దినాలు పోయినయి, రెండు నిమిషాలెంత. నీదేవూరు?"

"బోధన్ దిక్కు. మా బాపు చెరుకు కోతలకు పోతడు."

"కష్టమే గది. ఆకు కోస్తది మనిషిని."

"ముచ్చట్లు తర్వాత పెట్టుకోండి. అయిందా లేదా?"

"అయింది సార్. అవ్వా, పేజీ మూసి మళ్ల తెరువు."

"తిరుగుతుంది... తిరుగుతుంది... ఆ, ఒచ్చింది. రెండు బొమ్మలొచ్చినయి."

"చూసినవా? కూసున్న జాగల నుంచి లేవకుండ చేసిన. ఇగ ఊరికి పోయి చెప్పు మీవోళ్లకు. పట్నం నుంచి మనుషులను తెచ్చుకుంటే గింత తొందరగ అయితదా? మీకు ఉన్నకాడ ఉన్నోళ్ల విలువ తెల్వదు. ఏందమ్మా, వచ్చింది కద, ఇంకేం చూస్తున్నవు?"

"ఇది యాడ దీసిండ్రు?"

"అంటే?"

"ఫొటో సారూ. ఏ ఊరి సేన్ల దీసిండ్రు?"

"అవన్ని నీకెందుకు? తెలిసినోళ్లు ఇచ్చిండ్రు. ఎక్స్‌పర్ట్స్."

"ఎక్స్‌పర్ట్స్ ఎవరు సార్? మీరే పంపిండ్రు కద, వాట్సాప్‌ల."

"నేనే పంపిన. నాకు వాళ్లు పంపిండ్రు."

"వాళ్లెవరు?"

"నెట్‌ల ఉంటయి. అందరు నెట్‌ల నుంచే తీసుకుంటరు. ఇప్పుడు నువ్వు కూడ నన్ను అడుగుడేనా?"

"బిడ్డా, నువ్వు సూసినవా గీ బొమ్మలు, పెట్టేటప్పుడు?"

"చూసిన అవ్వా. ఆకులు పచ్చగ ఉన్నయి, మచ్చలున్నయి. పెట్టమన్నరు, పెట్టిన. పసుపాకు నేను దగ్గర నుంచి ఎన్నడు చూడలే."

"నువ్వు సూడలేదంటే సరే. సెరుకు దిక్కు పిల్లవు. సారు?"

"నాకు తెల్వదా పసుపంటే? పదిహేనేండ్ల సంది యార్డు పక్కనే ఉన్న ఆఫీసు ఇది."

"యార్డుకు కొమ్ములొస్తయి సారూ. ఆకులు రావు."

"ఏం అంటున్నవు నువ్వు?"

"పసుపాకు ఎడల్పుగ ఉంటది, సిన్న అరిటాకు లెక్క. నేను తెచ్చింది మాడింది గని, దాని ఎడల్పు సూడు. ఇప్పుడు మీ బొమ్మ సూడు. సన్నగ, గడ్డి లెక్క లేదా? రెండు బొమ్మలు గంతే. గిది పసుపు కాదు. అల్లం."

"అల్లమా?"

"అల్లం బిడ్డా. పదేండ్ల పిల్లనడిగినా సెప్తది మా దిక్కు."

"సార్, అవ్వ చెప్పింది నిజమే. పక్క పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది."

"అల్లమైతేంది, పసుపైతేంది? రెండు ఒక్క జాతే. మచ్చ చూసుకోవాలె గని ఆకు ఎందుకు చూస్తరు?"

"మచ్చ ఆకు మీదనే గదా ఉండేది సారూ."

"సరేనమ్మా. ఈ ముచ్చట మన నడుమనే ఉండనియ్. రేపో ఎల్లుండో మంచి ఫొటోలు తెప్పిచ్చి పెడ్త."

"అప్పటి దాంక ఇవి తీసేద్దాం సార్."

"తీస్తే మళ్ల ఖాళీ డబ్బలంటరు. పొద్దటి సంది నువ్వేగా ఏడ్చినవు రావు రావని. వచ్చినయి. ఉండనియ్."

"ఇవి చూసి ఎవరన్న మందు కొడితే?"

"కింద రాసి ఉంది కద."

"సార్, నేను ఆ పేజీ బంద్ చేస్తున్న."

"ఎవర్నడిగి?"

"ఎవ్వర్నడుగలే."

"రేపటి నుంచి రావా పనికి? చెయ్యి తీయ్ కీబోర్డు మీదికెల్లి. నిన్నే. శ్రీవాణీ."

"అయిపోయింది సార్. బంద్ చేసిన."

"ఆగుండ్రి. కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి. నా ఫోన్ మోగుతుంది. మా ఊరి ఎర్రన్నది."

"మాట్లాడు అవ్వా."

"మాట్లాడేదానికి ముందు గీ సారుకు ఒకటి సెప్పాలె. నా సేను ఎండినంక ఊరోళ్లు ఎవ్వలు మందు కొట్టలే. నలభై మంది. బొమ్మ తెప్పిస్త, అందాంక ఆగుండ్రి అని నేనే సెప్పి బస్సెక్కిన. డ్రమ్ములల్ల నీళ్లు నింపుకొని, మందు డబ్బాలు, కొట్టే పంపులు పక్కన పెట్టుకొని, నా ఫోన్ కొరకు గట్ల మీద కూసున్నరు. ఏం సెప్పాలె సారూ వాళ్లకు?"

"ఏముంది... బొమ్మ వచ్చిందని చెప్పు. వచ్చింది కద. అబద్ధం కాదు కద."

"అబద్ధం కాదు."

"ఫోన్ పెట్టేస్తడు అవ్వా, ఎత్తు."

"ఆ, ఎర్రన్నా. ఆ, ఆఫీసులనే ఉన్న. ఒచ్చింది, బొమ్మొచ్చింది, కండ్లతోని సూసిన. మందు కలుపకుండ్రి, పంపులు కడిగి ఇండ్లల్ల పెట్టుకోండ్రి."