జక్కమ్మ వచ్చే చెయ్యి

ఆండిపట్టిలో ముత్తమ్మాళ్ ఇంటి తిన్నె. కూతురు లోకేశ్వరి ఇప్పుడే మదురై బస్సు దిగి వచ్చింది.

“అంతమంది డాక్టర్లా?”

“హాలు నిండా, అమ్మా. చేతులు వణికేది, కాళ్లు లాగేది, ఈ జబ్బులకనే సంఘం పెట్టుకొనుండారు. నేనిచ్చిన నీ వీడియో పెద్ద తెరమీద ఏసిరి.”

“నా చెయ్యి అందరూ చూసిరా?”

“నువ్వు మంగళవారం జనానికి విబూది ఇచ్చేది ఫోన్లో తీస్తి కదా, అదే. సగం కిందనే పడె.”

“పడకేం చేస్తాది? జక్కమ్మ దేవత ఒంట్లోకి వచ్చినప్పుడు చెయ్యి నిలస్తాదా? మా అమ్మకూ అట్లే. ఆమె పోయినాక నాకొచ్చె.”

“అదే అడిగిరి. మీ అవ్వకూ ఉండెనా అని.”

“దేవత అని చెప్తివా?”

“చెప్తి.”

“నవ్విరా?”

“లేదు. రాసుకొనిరి. మాత్ర ఏసుకొంటే తగ్గుతాదంట.”

“తగ్గితే మంగళవారం నా వాకిట్లోకి ఎవరొస్తారు? ఈ వణుకు చూసే కదా ఊరంతా కాళ్లకు మొక్కేది. జక్కమ్మను మాత్రేసి తరమమంటావా? నాకొద్దు. ఇదో, కాఫీ పట్టుకో.”

“ఆడ పెట్టు.”

“చేతికిస్తాంటే...”

“పెట్టమ్మా. ఆరనీ.”

“వారం మధ్యలో వస్తివి. తిరుప్పూరు బట్టల కంపెనీలో లీవు ఇచ్చిరా?”

“ఇచ్చిరి.”

“ఎన్నాళ్లు?”

“ఇచ్చిరిలే. అలుపుగా ఉంది, వదిలెయ్యి.”

“మెషిన్ మీదనే కదా ఉండావు?”

“కుట్టు వంకరపోతాందని పనిలోనుంచి నిలిపేసిరి.”

“నీ కుట్టా?”

“అమ్మా, ఆ వీడియోలో నీ చెయ్యే కాదు, నీ వెనక గోడా ఊగె. డాక్టర్ మేడమ్ ఒకామె వీడియో ఆడికి నిలిపి, ఫోను పట్టుకొన్నది ఎవరని అడిగె.”

“ఎవరు?”

“నేనే కదా తీస్తి... నీ తర్వాత జక్కమ్మ నాకే రావాలని మొక్కుకొంటివి కదా. వచ్చె. సంతోషపడు.”

“ఏదీ, చెయ్యి చాపు.”

“వద్దు.”

“చాపు పాపా... అయ్యో. ఎప్పటినుంచి?”

“ఆడి నెల, ఆషాఢం నుంచి.”

“నాకు చెప్పకపోతివే.”

“చెప్తే విబూది తట్ట నా చేతికిచ్చి కూర్చోబెడతావని భయం. నాకు మెషిన్ కావాలమ్మా.”

“డాక్టర్లు మళ్లీ రమ్మనిరా?”

“బుధవారం. నన్ను.”

“ఇద్దరం పోదాం. మంగళవారం వచ్చేవాళ్లకు, నాది జబ్బేనని నేనే చెప్పేస్తా.”