సరిహద్దుకు ఇరువైపులా ఒకే మరణం: జువేరియా గారి కొలువు

1988 జూలై పదకొండో తేదీన జమ్మలమడుగు న్యాయ సహాయ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి జువేరియా గారు ఈ నెలాఖరున ప్రొద్దుటూరులో పర్యవేక్షకురాలి హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సంచిక వెలువరిస్తున్నామని చెప్పినప్పుడు ఆమె సన్మానాన్ని కాదనలేదు, శాలువాను కాదనలేదు. ఒక్కటి మాత్రం కోరారు: "నిండు నూరేండ్లు బతకాలని రాయొద్దప్పా, నీకు పుణ్యముంటాది." ఆ కోరిక వెనుక ఒక తల్లి మాట ఉంది.

జమ్మలమడుగులో ఆమె తొలినాళ్ళు గట్టు తగాదాల, మనోవర్తి అర్జీల నడుమ గడిచాయి. ముందు పెట్టిన చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా తలెత్తని మనిషి అని అప్పుడే పేరు పడింది. ఆ పేరు నేటికీ చెడలేదు. చిన్ననాడు మౌల్వీ గారి వద్ద నేర్చిన అరబ్బీ ఆమెను పులివెందులకు అనువాదకురాలిగా తీసుకుపోయింది. కువైట్ నుంచీ, దాని చుట్టుపక్కల దేశాల నుంచీ వచ్చే తాఖీదులన్నీ ఆమె బల్లమీదికే చేరేవి. ఇరుగు పొరుగు దేశాలే, ఒకే ఇసుక, ఒకే భాష. అయినా ఒకరి చట్టం ఒకరికి పట్టదు. ఇక్కడ వారసురాలైన మనిషి అక్కడ లెక్కలోకే రాదు, అక్కడ చెల్లిన సంతకం గీత దాటితే చెల్లదు. ఆ గీతల మధ్య నలిగేది మాత్రం మన జిల్లా కూలివాడే. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ప్రొద్దుటూరుకు వచ్చాక జువేరియా గారు ఒకే పట్టు పట్టారు. ఒక మనిషి చనిపోతే ఆ చావు అన్ని దేశాల్లోనూ ఒకే చావుగా చెల్లాలి. అందుకై మూడు భాషల్లో ఒక ఉమ్మడి పత్రాన్ని రూపొందించి, ఢిల్లీకీ, రాయబారులకూ విసుగు లేకుండా విన్నవించుకున్నారు. చాలామంది నవ్వారు.

ఆ రోజుల్లోనే కొండాపురం పునరావాస కాలనీ నుంచి ఖాతూన్‌బీ, ఆమె చిన్న కోడలు బుష్రా మన కార్యాలయానికి వచ్చారు. ఖాతూన్‌బీ చిన్న కొడుకు మొయిన్ కువైట్‌లో డ్రైవరు. యజమాని అతన్ని అనుమతులేవీ లేకుండానే సరిహద్దు దాటించి, అవతలి దేశపు ఎడారిలో గొర్రెల మందకు కాపలా పెట్టాడు. అక్కడ నీళ్ళ ట్యాంకరు బోల్తాపడి మొయిన్ మరణించాడు. నేరం తన మీదికి రాకుండా యజమాని కువైట్‌లో అతను పారిపోయాడని ఫిర్యాదు రాయించాడు. కాబట్టి మొయిన్ ఒక దేశంలో మృతుడు, పక్క దేశంలో పరారీలో ఉన్నవాడు. రెండు మాటలూ ఒకటైతే తప్ప శవాన్ని ఇవ్వడానికి గానీ, పూడ్చడానికి గానీ వీల్లేదన్నారు. బుష్రా నల్లపూసలు తీయబోతే అత్త తీయనివ్వలేదు. భర్త పోయిన ఆడది పాటించవలసిన ఇద్దత్‌కు కూర్చోనివ్వనూ లేదు.

జువేరియా గారు తన ఉమ్మడి పత్రాన్ని తొలిసారి ఈ కేసులోనే ప్రయోగించారు. నెలల తరబడి తిరగ్గా తిరగ్గా కువైట్ పరారీ ఫిర్యాదును రద్దు చేసింది. ఇక అంతా అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. కానీ శవం ఉన్న దేశం నుంచి పత్రం తిరిగి వచ్చింది. వారసుల్లో తల్లి పేరు లేదు. పెద్ద కొడుకు రేషన్ కార్డులో ఉన్న తల్లిని చిన్న కొడుకు కుటుంబంలో చూపకపోవడం మన కార్యాలయాల ఆనవాయితీ. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందని ఇంట్లో పుట్టినప్పటి నుంచీ విన్న జువేరియా గారు కూడా, కుర్చీలో కూర్చున్నాక ఆనవాయితీనే రాశారు. ఆ పొరపాటు వల్ల మొయిన్ మరో వేసవి శవాగారంలోనే ఉండిపోయాడు.

తల్లి సమ్మతి కోసం ఆమె స్వయంగా కాలనీకి వెళ్ళారు. ఖాతూన్‌బీ చేతులు కొంగులో దాచుకుంది.

"పారిపోయినోడు యాడన్నా బతికే ఉంటాడు గదమ్మా. ఆ దేశం మాటే నిజమనుకోని ఇన్నాళ్ళూ రెండు ముద్దలు తింటాండా. నువ్వేంది, ఆ మాట గూడా కొట్టేయించి వచ్చినావు?"

జువేరియా గారు ఆ ముసలామె పక్కన నేలమీద కూర్చుని అన్నారు: "ఖాలా, బిడ్డ ఐసు పెట్టెలో ఉండాడు. ఇంత మన్ను కోసం చూస్తాండాడు."

"తెచ్చి యాడ పెడతావు? వాళ్ళ నాయన గోరీ గూడా రిజర్వాయరు నీళ్ళల్లో మునిగిపాయ," అంటూ ఖాతూన్‌బీ చాలాసేపు ఏడ్చింది. ఆపైన చెయ్యి చాపింది. "ఆడనే మన్ను వేయమను."

వేలిముద్ర వేసి, సిరా వేలిని జువేరియా గారి కొంగుకే తుడిచి, ఆమె ముఖంలోకి చూసింది. "రెండు దేశాలనూ కలిపినావు తల్లీ. నా కొడుకు బతకని ఏండ్లన్నీ నువ్వే పోసుకోని బతుకు."

మొయిన్‌ను ఆ ఎడారిలోనే ఖననం చేశారు. బుష్రా ఆ సాయంత్రమే ఇద్దత్‌కు కూర్చుంది. ఆ తరువాత వచ్చిన ప్రతి కేసులోనూ మన కార్యాలయం ఆ ఉమ్మడి పత్రాన్నే వాడుతోంది. అందులో మొట్టమొదటి గడి తల్లి పేరుది. దాని వల్ల ఎందరో తమవారిని త్వరగా మట్టికి అప్పగించగలిగారు. జువేరియా గారు మాత్రం ఆ రోజు విన్నది దీవెనో శాపమో తేల్చుకోలేక నేటికీ బాధపడుతున్నారు.

ఆమె మాట మన్నించి నిండు నూరేళ్ళని ఇక్కడ రాయడం లేదు. ఖాతూన్‌బీ ఇచ్చిన ఏళ్ళన్నీ ఒక్కటీ తగ్గకుండా ఆమెకు చెందాలనీ, వాటిని మోయడానికి తగిన ఆరోగ్యాన్ని ఆ పైవాడు ఆమెకు ప్రసాదించాలనీ సహోద్యోగులమందరం చేతులెత్తి వేడుకుంటున్నాము.