నిండుగా తిరిగొచ్చిన బాటిల్

తార్నాకలో చైనా సూదుల వైద్యం చేయించి, తమ్ముణ్ని చక్రాల కుర్చీలో యూనివర్సిటీ హాస్టల్‌కు తోసుకుపోతోంది అక్క. బైకు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచి మూత్రం వాడి అదుపులో లేదు. ఇవాళ కూడా ప్యాంటు తడవలేదని ఆమె మనసు తేలికపడింది. నీడ చూసి ఆగి, కుర్చీకి తగిలించిన సంచిలో చెయ్యి పెట్టింది.

“బాటిల్ నిండుగనే ఉన్నదేంది?”

“దూప కాలే.”

“గింత ఎండల?”

వాడు చెట్ల దిక్కు చూశాడు.

“పోయినసారి గూడ తాగలేదా?”

“సూదుల దినం తాగనక్కా. పొద్దున పైపు పెట్టి మూత్రం తీసుకుంట. మళ్ల రూముకొచ్చేదాంక గుక్కెడు గూడ ముట్ట.”

“మరి డాక్టరమ్మతోని సూదులు పనిచేస్తున్నయంటిమి కద?”

“నువ్వన్నవ్. నేను ఊకున్న.”

అమ్మకూ, మల్కాజ్‌గిరి చిన్నమ్మకూ ఫోన్ చేసి మరీ ఆ మాటే చెప్పుకుంది ఆమె.

“నువ్వు బాగైతలేవురా. ఎండిపోతున్నవ్.”

“ఆ దినం మెట్రో లిఫ్టుల తడిస్తే, అందరు ముక్కులు మూసుకున్నరక్కా.”

“మూసుకోనీ. వచ్చేసారి ఇంకో ప్యాంటు సంచిల పెట్టుకుందాం. నీళ్లు తాగే పోదాం. సూదులతోని అయితదా కాదా, గప్పుడు తెలుస్తది.”

“పైపు?”

“అది మానొద్దని పెద్దాసుపత్రిల చెప్పిండ్రు. మానం.”

వాడు బాటిల్ అందుకుని సగం తాగి ఆగాడు.

“తాగినంక గూడ తడువకపోతే, అక్కా?”

ఆమె కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది, మొహం కనబడకుండా.

“మిగిలింది గూడ తాగు. చూద్దాం.”